చిగుళ్లకి స్కానింగ్: ఎక్స్‌రేకి దొరకనిది శబ్దానికి ఎలా దొరుకుతుంది?

స్కానింగ్ అనగానే మన ఇళ్లల్లో మొదట గుర్తొచ్చేది కడుపుతో ఉన్నవాళ్లే. పొట్ట మీద చల్లటి జెల్ రాస్తారు, ప్రోబ్ పెట్టి అటూ ఇటూ జరుపుతారు, తెర మీద నలుపు తెలుపు బొమ్మ కదుల్తూ కనిపిస్తుంది. లేదంటే కిడ్నీలో రాయి ఉందని డౌట్ వస్తే రాస్తారు. మరి అదే స్కానింగ్ పళ్లకీ చిగుళ్లకీ చేస్తే ఎలా ఉంటుంది? పంటి దగ్గరకి అనగానే ఎక్స్‌రే తీస్తారు, అల్ట్రాసౌండ్ ఎవరూ తీయరు. ఎందుకు తీయరు? తీస్తే మనకేంటి లాభం? ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. ఎందుకంటే సమస్య తెలియకుండా మెషీన్ గురించి చెబితే అది గ్యాడ్జెట్ రివ్యూలా అయిపోతుంది.

పన్ను నొప్పి పుడితే మనం డాక్టర్ దగ్గరికి పరిగెడతాం. పుచ్చు లోతుకి పోయి నరం దాకా వెళ్తే రాత్రంతా నిద్ర ఉండదు కాబట్టి ఎంత బద్ధకస్తుడైనా వెళ్తాడు. చిగుళ్ల జబ్బు అలా కాదు. అది నొప్పి పెట్టదు. బ్రష్ చేసినప్పుడు కొంచెం రక్తం, పొద్దున్న లేవగానే నోటి వాసన, అంతే. మనం ఏం చేస్తాం? రక్తం వస్తోంది కదా అని అక్కడ బ్రష్ చేయడం మానేస్తాం. అక్కడ పాచి ఇంకా పేరుకుంటుంది. కొన్నాళ్లకి అది గట్టిపడి గార అవుతుంది. గార మీద మళ్లీ పాచి. ఇలా ఏళ్లకేళ్లు నడుస్తుంది.

పంటి చుట్టూ చిగురు చొక్కా కాలర్ లాగా ఉంటుంది. కాలర్‌కీ మెడకీ మధ్య కొంచెం సందు ఉంటుంది కదా, అలాగే పంటికీ చిగురుకీ మధ్య కూడా సన్నటి సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పాచి లోపలికి దిగి, వాపు వచ్చి, చిగురు పంటిని వదిలేస్తూ పోతే ఆ సందు 4, 5, 6 మిల్లీమీటర్లు అవుతుంది. దాన్నే డాక్టర్లు పాకెట్ అంటారు. పాకెట్ అడుగున ఏముంటుంది? పంటి వేరుని పట్టుకుని ఉన్న ఎముక. పాకెట్ లోతు పెరిగే కొద్దీ ఆ ఎముక కరిగిపోతూ ఉంటుంది. ఒకసారి పోయిన ఎముక మామూలుగా దానంతట అది తిరిగి రాదు. పన్ను కదుల్తోందని మనకి తెలిసే సమయానికి పునాది చాలావరకు పోయి ఉంటుంది.

ఇదేదో అరుదైన జబ్బు అనుకోకండి. ముదిరిన చిగుళ్ల జబ్బు ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు 19 శాతం మందికి, అంటే 100 కోట్ల మందికి పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వయసు మీద పడితే పళ్లు ఊడడం మామూలే అని మన తాతలు, నానమ్మలు అనుకునేవాళ్లు. వయసు వల్ల ఊడడం కాదు అది, చాలామందిలో ముప్పై ఏళ్ల నాడు మొదలైన పాకెట్ వల్ల ఊడడం.

సరే, మరి ఆ పాకెట్ లోతు ఎలా కొలుస్తారు? చాలా పాత పద్ధతి. సన్నటి లోహపు కడ్డీ, దాని మీద మిల్లీమీటర్ల గీతలు. దాన్నీ ప్రోబ్ అనే అంటారు. దాని కొసని చిగురు సందులోకి మెల్లగా దించి ఎంత లోతు దిగిందో చూస్తారు. ఒక్కో పంటికి ఆరు చోట్ల, బయటి వైపు మూడు, లోపలి వైపు మూడు. జ్ఞాన దంతాలు వదిలేసి 28 పళ్లు లెక్కేస్తే మొత్తం 168 సార్లు గుచ్చి చూడాలన్నమాట. ఆరోగ్యంగా ఉన్న చిగురు అయితే పెద్దగా తెలియదు. వాచిన చిగురు అయితే చురుక్కుమంటుంది, రక్తం వస్తుంది. ఒక్కసారి ఈ అనుభవం అయ్యాక రెండో అపాయింట్‌మెంట్‌కి డుమ్మా కొట్టేవాళ్లు చాలామంది. పని ఎక్కువ, టైమ్ ఎక్కువ కాబట్టి రద్దీగా ఉండే క్లినిక్కుల్లో ఈ ఆరు చోట్ల కొలత పూర్తిగా తీయకపోవడం కూడా మామూలే.

ఇంకో చిక్కు, ఆ నంబర్ ఎంత కచ్చితం అనేది. ప్రోబ్‌ని 20, 25 గ్రాముల బరువు అంత ఒత్తిడితోనే నొక్కాలి. చెయ్యి కొంచెం గట్టిగా పడితే, కడ్డీ కొంచెం వంకరగా దిగితే లెక్క మారిపోతుంది. చిగురు బాగా వాచి మెత్తబడితే కొస పాకెట్ అడుగు దగ్గర ఆగకుండా కండలోకే దిగిపోతుంది. అదే పంటిని ఇద్దరు డాక్టర్లు కొలిస్తే ఒక మిల్లీమీటరు తేడా రావడం సాధారణం. ఒక మిల్లీమీటరే కదా అనకండి, 3 అంటే బాగున్నట్టు, 4 అంటే జబ్బు మొదలైనట్టు. మొత్తం కథ ఆ ఒక్క మిల్లీమీటరు మీదే ఉంది.

ఎక్స్‌రే ఉందిగా అంటారు. ఉంది, చాలా మంచి సాధనం. కానీ ఎక్స్‌రే అనేది నీడ. గట్టివి తెల్లగా, మెత్తవి నల్లగా. చిగురు మెత్తటి కండ కాబట్టి పంటి ఎక్స్‌రేలో దాదాపు కనిపించదు. ఎముక కనిపిస్తుంది, అది కూడా పన్నుకీ పన్నుకీ మధ్య ఉన్న ఎముకే. పంటికి ముందు వైపు, అంటే పెదవి వైపు ఉన్న పల్చటి ఎముక పంటి నీడలోనే కలిసిపోతుంది. గోడ ముందు మనిషి నిలబడితే నీడ చూసి గోడ మీద పగులు చెప్పగలమా? అదే ఇబ్బంది.

రేడియేషన్ భయం గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని అనవసరంగా పెద్దది చేస్తారు. నోట్లో చిన్న ఫిల్మో సెన్సారో పెట్టి తీసే ఒక్క ఎక్స్‌రేలో అందే రేడియేషన్ దాదాపు 5 మైక్రోసీవర్ట్‌లు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనకి మామూలుగా ఒక్క రోజులో అందేది ఇంచుమించు అంతే. కాబట్టి ఎక్స్‌రే ప్రమాదం కాబట్టి అల్ట్రాసౌండ్ కావాలి అనే వాదన నాకు నచ్చదు. అల్ట్రాసౌండ్ కావాల్సింది ఎక్స్‌రేకి కనిపించనిది చూడ్డానికి.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ అంటే ఏంటి? మన చెవికి సెకనుకి 20 నుంచి 20 వేల కంపనాల దాకా వినిపిస్తుంది. ఆ పైన ఉన్నదంతా అల్ట్రాసౌండే. కొండ ఎదురుగా నిలబడి అరిస్తే ప్రతిధ్వని వస్తుంది కదా. అరిచిన సెకనుకి వినిపిస్తే కొండ సుమారు 170 మీటర్ల దూరంలో ఉన్నట్టు, ఎందుకంటే గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది, పోవడానికి సగం, రావడానికి సగం. స్కానింగ్ మెషీన్ చేసేది కూడా ఇదే లెక్క. మన కండలో శబ్దం సెకనుకి సుమారు 1540 మీటర్లు పోతుంది. చిగురు కింద 2 మిల్లీమీటర్ల లోతులో ఎముక ఉంటే ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టేది సెకనులో పది లక్షల వంతులు ఓ రెండున్నర. ఆ టైమ్ కొలిచి దూరం తేలుస్తుంది. ఇలాంటి గీతలు వందలు పక్కపక్కన పేరిస్తే బొమ్మ.

ఆ శబ్దాన్ని పుట్టించేది, తిరిగొచ్చినది వినేది ఒకటే వస్తువు, స్ఫటికం లాంటి ఒక పదార్థం. నొక్కితే కరెంటు పుట్టిస్తుంది, కరెంటు ఇస్తే వణుకుతుంది. ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. పియర్ తర్వాత మేరీ క్యూరీ భర్త అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్ లాంజెవిన్ దీంతోనే సముద్రంలో సబ్‌మెరైన్లు వెతికే పరికరం చేశాడు. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి వెళ్లినవాళ్లు సోనార్ గది చూసే ఉంటారు, ఆ కుటుంబమే ఇది. ఆ తర్వాత గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టర్, బాయిలర్ ఫ్యాక్టరీలో ఇనుములో పగుళ్లు వెతికే మెషీన్ చూసి, ఇది కణితుల మీద పనిచేస్తుందా అని పరీక్షించి, 1958లో ద లాన్సెట్ పత్రికలో పేపర్ వేశాడు. పొట్ట స్కానింగ్ అలా మొదలైంది.

ఆశ్చర్యం ఏంటంటే, పళ్లకి అల్ట్రాసౌండ్ కొత్త ఆలోచనేం కాదు. డొనాల్డ్ పేపర్ వచ్చిన ఐదేళ్లకే, 1963లో, పంటి లోపలి భాగాలను 15 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్‌తో చూసినట్టు బామ్ బృందం సైన్స్ పత్రికలో రాసింది. మరి అరవై ఏళ్లుగా మన వీధి చివర డెంటల్ క్లినిక్‌కి ఎందుకు రాలేదు?

మొదటి అడ్డంకి పన్నే. పంటి మీద ఉండే ఎనామెల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అందులో శబ్దం సెకనుకి దాదాపు 6000 మీటర్ల వేగంతో పోతుంది. మెషీనేమో అంతా కండే అనుకుని 1540తో లెక్క కడుతుంది. అప్పుడు నిజంగా 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎనామెల్ తెర మీద అర మిల్లీమీటరు లాగా కనిపిస్తుంది. పైగా కండలోంచి ఎనామెల్ తగలగానే శబ్దంలో సగానికి పైగా వెనక్కి తిరిగిపోతుంది, లోపలికి వెళ్లేది తక్కువ. అంటే పంటి లోపల చూడ్డం కష్టం. కానీ గమనించండి, అదే గుణం చిగురు విషయంలో లాభం. పంటి ఉపరితలం, ఎముక అంచు రెండూ శబ్దాన్ని గట్టిగా వెనక్కి కొడతాయి కాబట్టి తెల్లటి గీతల్లాగా మెరుస్తాయి, మధ్యలో చిగురు బూడిద రంగులో కనిపిస్తుంది. అందుకే ఈ రంగంలో పని పంటి లోపలి నుంచి చిగుళ్ల వైపు మళ్లింది.

రెండోది, ఎంత సన్నగా చూడాలి అన్న ప్రశ్న. పొట్ట స్కానింగ్‌కి 3 మెగాహెర్ట్జ్ లాంటి శబ్దం వాడతారు, దాని తరంగం పొడవు అర మిల్లీమీటరు. బిడ్డ తల కొలవడానికి అది చాలు. చిగురు మొత్తం మందమే మిల్లీమీటరో రెండో, దానికి ఇది చాలదు. అదే 40 మెగాహెర్ట్జ్‌కి వెళ్తే, అంటే సెకనుకి 4 కోట్ల కంపనాలు, తరంగం పొడవు 0.04 మిల్లీమీటర్లకి దిగుతుంది. బొమ్మ చాలా సన్నగా వస్తుంది. మరి ఎప్పుడూ అదే వాడొచ్చుగా? కుదరదు. వినాయక నిమజ్జనం రోజు డీజే బండి నాలుగు వీధుల అవతల ఉంటే మీకు వినిపించేది బేస్ ఒక్కటే, ఆ కీచు శబ్దాలేవీ రావు కదా. వాటి బలం దారిలోనే అయిపోతుంది. శరీరంలోనూ అంతే, కంపనాలు పెరిగే కొద్దీ లోతు తగ్గుతుంది. 40 మెగాహెర్ట్జ్ శబ్దం సెంటీమీటరు దాకా వెళ్లడమే గొప్ప. పొట్టకి పనికిరాదు, చిగురుకి సరిగ్గా సరిపోతుంది.

మూడోది గాలి. ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య వెంట్రుక మందం గాలి ఉన్నా శబ్దం దాదాపు మొత్తం అక్కడే తిరిగిపోతుంది. జెల్ రాసేది అందుకే, చల్లగా ఉంటుందని కాదు. పొట్ట చదును, నోరు అలా కాదు. వంపులు, సందులు, నాలుక అడ్డం, లాలాజలం. పొట్టకి వాడే ప్రోబ్ నోట్లో పట్టనే పట్టదు. టూత్‌బ్రష్ తల అంత ప్రోబ్ చేయాలి, అందులో అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ పుట్టించాలి. ఇది ఈమధ్యే సాధ్యమైంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ చాన్, ఆలివర్ క్రిప్‌ఫ్‌గాన్స్ బృందం ఇలాంటి చిన్న ప్రోబ్‌తో చిగుళ్లు, ఎముక అంచు, ఇంప్లాంట్ చుట్టూ ఉన్న కండ చూసే పని చేసింది. ఎక్స్‌రేలో పంటి నీడలో కలిసిపోతుందన్నానే, ఆ ముందు వైపు ఎముక అంచు ఇందులో విడిగా కనిపిస్తుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది, డాప్లర్ అని. రక్తం పారే చోటుని రంగులో చూపిస్తుంది. వాచిన చిగురులో రక్తం ఎక్కువ పారుతుంది. అంటే గుచ్చకుండానే, రక్తం కార్పించకుండానే ఇక్కడ వాపు ఉంది అని చెప్పే అవకాశం అన్నమాట. ఎముక ఎంత పోయిందో కొలత చెబుతుంది, జబ్బు ఇప్పుడు నడుస్తోందా ఆగిందా అనేది ఇది చెబుతుంది. ఆ రెండోదే డాక్టర్‌కి ఎక్కువ కావాలి.

నాసా వాళ్లు కూడా ఇందులో చెయ్యి పెట్టారండోయ్. వర్జీనియాలోని నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రంలో మొదలై, అదే రాష్ట్రంలో విలియం అండ్ మేరీ కాలేజీలో ముందుకి సాగిన ఒక ప్రోబ్ ఉంది. సన్నటి కొస నుంచి నీటి ధార వస్తుంది, ఆ నీటి వెంటే శబ్దం చిగురు సందులోకి దిగుతుంది. కడ్డీ బదులు నీళ్లు. ఆలోచన అద్భుతం, కానీ తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లో పాకెట్ అడుగు ఏదో పోల్చుకోవడమే పెద్ద తలనొప్పి.

ఎందుకంటే పాకెట్ అనేది మూసుకుపోయిన సందు. ఖాళీ జేబు చొక్కాకి అతుక్కుని ఉన్నట్టు చిగురు పంటికి అతుక్కుని ఉంటుంది. బొమ్మలో ఎముక కనిపిస్తుంది, చిగురు కనిపిస్తుంది, జేబు అడుగు ఎక్కడుందో తెలియదు. మరి జేబులో ఏదైనా నింపితే? ఇక్కడే నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో బాగా నచ్చిన భాగం వస్తుంది.

2017లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగోలో జెస్సీ జోకర్స్ట్ ల్యాబ్ వాళ్లు ఒక మౌత్‌వాష్ చేశారు. అందులో ఏముందో తెలుసా? కటిల్‌ఫిష్ సిరా. స్క్విడ్‌కి చుట్టం లాంటి సముద్ర జీవి అది, శత్రువు వస్తే నల్లటి సిరా చిమ్మి పారిపోతుంది. ఇటలీలో ఆ సిరాని నూడుల్స్ లాంటి పాస్తాలో వేసుకుని తింటారు, కాబట్టి తినదగినదే. ఆ సిరా, నీళ్లు, కొంచెం కార్న్‌ఫ్లోర్ కలిపి పుక్కిలిస్తే అది పాకెట్లలోకి దిగుతుంది. సిరాలో మెలనిన్ రేణువులు ఉంటాయి. మన జుట్టుకి నలుపునిచ్చేది కూడా మెలనినే. ఇప్పుడు చిగురు మీద లేజర్ వెలుగు పల్స్ వేస్తారు. నలుపు కాబట్టి రేణువులు వెలుగుని పీల్చి, వేడెక్కి, క్షణంలో ఉబ్బుతాయి. ఆ ఉబ్బడం వల్ల చిన్న ఒత్తిడి తరంగం పుడుతుంది. అంటే శబ్దం. దాన్ని అల్ట్రాసౌండ్ ప్రోబ్ వింటుంది. వెలుగు పంపితే శబ్దం తిరిగొస్తుంది! ఈ గుణాన్ని కనిపెట్టింది టెలిఫోన్ గ్రాహం బెల్, అది కూడా 1880లోనే, క్యూరీ అన్నదమ్ములు తమది కనిపెట్టిన సంవత్సరమే.

అలా సిరా ఎంత లోతు దిగిందో అంత లోతూ బొమ్మలో వెలుగుతుంది. కడ్డీ ఆరు చోట్ల మాత్రమే చెబితే, ఇది పాకెట్ ఆకారం మొత్తం గీసి చూపిస్తుంది. మొదట పంది పళ్ల మీద చేశారు, కడ్డీ కొలతలతో పోల్చి చూశారు, తర్వాత మనిషి నోట్లోనూ ప్రయత్నించారు. తర్వాత బ్రష్ చేసుకుంటే సిరా పోతుంది. రుచి మాత్రం ఉప్పగా చేదుగా ఉంటుంది, అది కూడా మార్చాల్సిన వాటి లిస్టులో ఉంది. లేజర్ ఖరీదైనది కాబట్టి చవకైన ఎల్ఈడీతో చేయాలన్నది వాళ్ల ఇంకో లక్ష్యం.

అయితే అల్ట్రాసౌండ్ వస్తే ఎక్స్‌రే మెషీన్ అమ్మేసుకోవచ్చా అంటే, లేదు. ఎముక లోపలికి ఈ శబ్దం పోదు. దవడలో పూడుకుపోయిన జ్ఞాన దంతం, వేరు కొస, రూట్ కెనాల్ ఎక్కడిదాకా నింపారు, రెండు పళ్ల మధ్య దాక్కున్న పుచ్చు, వీటికి ఎక్స్‌రేనే కావాలి. వెనక దంతాల లోపలి వైపుకి ప్రోబ్ చేర్చడం కూడా ఇంకా కష్టమే. ఒక మినహాయింపు చెప్పాలి. వేరు కొస దగ్గర ఇన్‌ఫెక్షన్ వల్ల పైన ఎముక పల్చబడిపోతే అక్కడ కిటికీ తెరుచుకున్నట్టే, శబ్దం లోపలికి పోతుంది. ఇటలీలో కాల్యారీకి చెందిన ఎలిజబెత్తా కొట్టి బృందం 2002 నుంచి ఇలాంటి చోట్ల మామూలు అల్ట్రాసౌండ్, డాప్లర్ వాడి, లోపల ఉన్నది నీరు నిండిన తిత్తా లేక రక్తనాళాలున్న కండా అని వేరు చేయొచ్చని చూపించింది.

ఇదంతా ల్యాబ్ ముచ్చట, మాకు ఇప్పుడు ఏం దొరుకుతుంది అంటారా? ఒకటి ఇప్పుడే దొరుకుతుంది, మన ఊళ్లలోనే. పంటి వల్ల బుగ్గ వాచినప్పుడు. బుగ్గ మీద బయట నుంచి మామూలు స్కానింగ్ సెంటర్లో ఉండే చదునైన చిన్న ప్రోబ్ పెడితే, లోపల ఒకచోట చీము గడ్డ కట్టిందా లేక కండ అంతా వట్టి వాపేనా అనేది కనిపిస్తుంది. ఈ తేడా చాలా ముఖ్యం. చీము కడితే కోసి తీయాలి, ఒట్టి మాత్రలతో లొంగదు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ మూడు రోజులు వేసుకుంటే వాపు తగ్గినట్టే ఉంటుంది, లోపల గడ్డ అలాగే ఉంటుంది. తినేటప్పుడే దవడ కింద ఉబ్బి, తిన్నాక తగ్గుతుంటే అది పన్ను కాకపోవచ్చు, లాలాజల గ్రంథిలో రాయి కావొచ్చు. అది కూడా స్కానింగ్‌లో కనిపించే అవకాశం బాగా ఉంది. కానీ ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా. గడ్డం కింద రెండు వైపులా వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, జ్వరం, ఇలా ఉంటే స్కానింగ్ ఎక్కడ చేస్తారు అని గూగుల్ చేస్తూ కూర్చోవద్దు. గొంతు మూసుకుపోయి ప్రాణం పోయే పరిస్థితి అది. అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మన దేశంలో అల్ట్రాసౌండ్‌కి ఇంకో కోణం ఉంది. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీద ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అని బోర్డు చూస్తాం. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం వల్ల అది. ఆడపిల్ల అని తెలిసి కడుపులోనే చంపేస్తున్నారని తెచ్చిన చట్టం. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పగల మెషీన్ ఎవరి దగ్గర ఉన్నా రిజిస్ట్రేషన్, రికార్డులు తప్పనిసరి. అది అవసరమైన చట్టమే, నాకు అందులో అనుమానం లేదు. సెంటీమీటరు లోతు కూడా చూడలేని చిగుళ్ల ప్రోబ్‌తో ఎవరి కడుపులో ఏముందో తెలియదు, ఆ మాట వేరు. కానీ అల్ట్రాసౌండ్ అనే పేరున్న ఏ వస్తువైనా ఇక్కడ పిన్నీసు కొన్నట్టు కొనేది కాదని డెంటల్ డాక్టర్లకి బాగా తెలుసు.

ఇక కన్‌ఫ్యూజన్లు. క్లినిక్‌లో మీకు స్కాన్ చేస్తాం అంటే అది అల్ట్రాసౌండ్ అనుకోకండి. పెన్ను లాంటిది నోట్లో తిప్పి స్క్రీన్ మీద రంగుల పళ్ల మోడల్ చూపిస్తే అది వెలుగుతో పనిచేసే కెమెరా, క్యాప్‌లకీ అలైనర్లకీ కొలత తీయడానికి. తల చుట్టూ మెషీన్ తిరిగితే అది ఎక్స్‌రేనే, త్రీడీ ఎక్స్‌రే కావొచ్చు. ఇంకా క్లీనింగ్ చేసే అల్ట్రాసోనిక్ స్కేలర్ ఉంది. అది శబ్దంతో చూడదు, సెకనుకి 25, 30 వేల సార్లు వణికే కొసతో గారని పగలగొడుతుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు లూజ్ అవుతాయి అని మన దగ్గర ప్రతి ఇంట్లో ఒకరైనా అంటారు. జరిగేది ఏంటంటే, ఎముక ముందే పోయి, గార సిమెంటులాగా పళ్లని పట్టి ఉంచుతుంది. అది తీసేయగానే ఉన్న కదలిక బయటపడుతుంది. గార అలాగే ఉంచితే ఉన్న ఎముక కూడా పోతుంది. మరి ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల్లోపు దొరికే ఇంటి స్కేలర్లు? రీల్స్‌లో చూసి కొనకండి. చిగురు కింద ఏముందో కనిపించకుండా లోహపు కొస అద్దం ముందు నిలబడి పెట్టుకుంటే చిగురు చిరుగుతుంది, ఎనామెల్ గీసుకుపోతుంది, అసలు గార మాత్రం లోపలే ఉంటుంది.

చిగుళ్లకి స్కానింగ్ మన ఊరి క్లినిక్‌కి వచ్చేదాకా ఆగాల్సిన పనేం లేదు. ఆ పాత కడ్డీ ఇప్పుడే ఉంది, చవక కూడా. ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్‌గారూ, నా పాకెట్ డెప్త్ ఎంత ఉంది, ఎక్కడెక్కడ 4 దాటింది, కొంచెం రాసివ్వండి అని అడగండి. ఆ కాగితం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిపిస్తే తగ్గిందా పెరిగిందా మీకే తెలుస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే షుగర్ చిగుళ్లని పాడుచేస్తుంది, చిగుళ్ల జబ్బు షుగర్‌ని అదుపు తప్పిస్తుంది, రెండు వైపులా ఉంది ఆ దారి. సిగరెట్ తాగే మిత్రులకి ఒక మాట, మీకు బ్రష్ చేస్తే రక్తం రావట్లేదంటే చిగుళ్లు బాగున్నట్టు కాదు. పొగాకు వల్ల రక్తం కారడం తగ్గిపోతుంది, జబ్బు దాని మానాన అది లోపల నడుస్తూ ఉంటుంది. మీ నోట్లో రక్తాన్ని నమ్మడానికి లేదు, నంబరే కావాలి.

జ్ఞాన దంతం నొప్పి లేకపోయినా తీయించేయాలా అని చాలామంది అడుగుతున్నారు. దానికి ఎక్స్‌రే చూస్తూ మాట్లాడాలి, వచ్చే ఎపిసోడ్‌లో అదే.